పాత గిటార్ ఆంప్‌ని రెండు ముక్కలు చేయించా.. కొత్తది కొనడం కంటే ఇదే నయం

ఫోన్ల రివ్యూలు చదవడానికి వచ్చిన మీకు గిటార్ ఆంప్ గోల ఎందుకు అనిపించొచ్చు. కానీ అదీ గ్యాడ్జెట్టే కదా. పైగా మన ఫోన్లకి లేని సుగుణం ఒకటి దానికుంది. మామూలు స్క్రూడ్రైవర్‌తో తెరుచుకుంటుంది.

నా దగ్గరున్నది 12 అంగుళాల స్పీకరున్న ట్రాన్సిస్టర్ కాంబో. అంటే సర్క్యూటు, స్పీకరు రెండూ ఒకే పెట్టెలో ఉండే రకం. బీటెక్ సెకండియర్‌లో నలుగురం చందాలేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కాలేజీ అయ్యాక ఒకడు బెంగళూరు, ఒకడు డల్లాస్ వెళ్లిపోయారు, ఇంకొకడు గిటారే మానేశాడు. ఆంప్ నాకు మిగిలింది. నేనుండేది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. 17 కిలోల పెట్టెని జామింగ్‌కి మోసి మోసి నడుం పట్టేసింది. అమ్మేద్దామని గ్రూప్‌లో పెడితే డల్లాస్ వాడు అర్ధరాత్రి ఫోన్ చేసి మరీ తిట్టాడు.

డిజిటల్ ఆంప్ కొనుక్కోమని చాలామంది చెప్పారు. వాళ్లు చెప్పిందీ తప్పు కాదు. ఫెండర్ ట్విన్ రివర్బ్ ట్యూబ్ కాంబో దాదాపు 29 కిలోలుంటే, 2019లో వచ్చిన టోన్ మాస్టర్ డిజిటల్ వెర్షన్ చూడ్డానికి అచ్చం అలాగే ఉండి 15 కిలోలే తూగుతుంది. ఆ ఇంజినీరింగ్‌కి దండం. కానీ పనిచేస్తున్న వస్తువుని మూలన పడేసి అంత డబ్బు పోయడానికి నాకు మనసొప్పలేదు. బరువుకి ఇంకో పాత జవాబు కూడా ఉంది: సర్క్యూటుండే హెడ్ వేరు, స్పీకరుండే క్యాబినెట్ వేరు. 1960ల మొదట్లో ఫెండర్ షోమన్, బ్యాండ్‌మాస్టర్ ఇలాగే వచ్చాయి. 1962లో లండన్‌లో మొదలైన మార్షల్ అంటే గుర్తొచ్చేదే పైన హెడ్, కింద నాలుగు స్పీకర్ల పెట్టె.

దీనికి ఇంకో లాభం ఉంది. కాంబోలో స్పీకర్ వణికినంతసేపూ సర్క్యూటూ వణుకుతుంది. ట్యూబ్ ఆంపుల్లో ఆ వణుకుకి ట్యూబులే మైక్రోఫోన్లలా మారి కూతపెడతాయి. నా ఆంప్‌లో వచ్చే గరగరకి కారణం ఇన్‌పుట్ జాక్ దగ్గర పగిలిన సోల్డర్. ఏళ్ల తరబడి వణికితే ఇంకేమవుతుంది?

మా వీధి చివర కార్పెంటర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఎగాదిగా చూసి, "మంచిగున్న డబ్బని ఎందుకు కోపిస్తున్నవ్ తమ్మీ?" అన్నాడు. మెట్లెక్కలేక అన్నా అని చెప్పా. చెక్క అనుకున్నది పార్టికల్ బోర్డు అని రంపం పెట్టాక తెలిసింది. పై ముక్క అంచులు బిస్కెట్‌లా రాలిపోయాయి. ముందే ఒక స్క్రూ ఊడదీసి లోపల చూసుంటే తెలిసేది, తొందర నాదే. చివరికి హెడ్‌కి 18 ఎంఎం ప్లైవుడ్‌తో కొత్త పెట్టె చేయించి, కింది భాగానికి పైన కొత్త పలక వేయించా. కారు సీట్ కవర్ల షాపులో దొరికిన నల్ల రెక్సిన్ అంటించాం. హీట్‌సింక్‌కి గాలాడాలని హెడ్ వెనక జాలీ పెట్టాం. అన్నీ కలిపి 4,000 దాటలేదు.

అసలు జాగ్రత్తంతా వైరింగ్‌లోనే. ఇంతకుముందు స్పీకర్ వైర్లు నేరుగా బోర్డుకి వెళ్లేవి, ఇప్పుడు మధ్యలో సాకెట్లు కావాలి. లోహపు సాకెట్ వాడితే స్పీకర్ నెగటివ్ ఛాసిస్‌కి తగులుతుంది. చాలా ట్రాన్సిస్టర్ ఆంపుల్లో ఆ నెగటివ్, గ్రౌండ్ ఒకటి కావు. సౌండ్ మారిపోవచ్చు, కొన్నిట్లో అవుట్‌పుట్టే కాలిపోవచ్చు. అందుకే ప్లాస్టిక్ సాకెట్ పెట్టా. రెండు పెట్టెల మధ్య గిటార్ కేబుల్ వాడకండి, అందులో తీగ సన్నం. నేను ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు ఎంఎం రాగి వైర్ వాడా.

వెనకంతా తెరిచి ఉన్న పెట్టెని సగానికి పైగా మూయించడంతో బేస్ పెరిగింది. తెరిచి ఉంటే స్పీకర్ ముందు గాలి, వెనక గాలి కలిసి లో నోట్స్‌ని తినేస్తాయి మరి.

పాత వస్తువుని పాడుచేశావని అనేవాళ్లుంటారు. మీ దగ్గరున్నది అరుదైన ట్యూబ్ ఆంప్ అయితే నేనూ అదే అంటా. దాన్ని కోయొద్దు. ఛాసిస్‌ని కొత్త పెట్టెలోకి మార్చి, పాత పెట్టె అలాగే దాచుకోండి. ఆ పని కూడా తెలిసినవాళ్లతోనే చేయించండి. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా మిగలొచ్చు. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఫ్యాక్టరీలో లక్షల్లో తయారైన నా పార్టికల్ బోర్డు పెట్టెకి మాత్రం అంత మర్యాద అక్కర్లేదు.

మొత్తం బరువు ఒక కిలో పెరిగింది, ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పుడది ఏడు కిలోలు ఒకసారి, పదకొండు కిలోలు ఇంకోసారి. ఫోటో చూసి డల్లాస్ వాడు "నా వాటా ఏ ముక్కరా?" అన్నాడు. కిందిదని చెప్పా. వచ్చి మోసుకెళ్లమన్నా.