కారు కొనడం ఒక్కసారే, అరుగుదల ప్రతిసారీ

చాట్స్‌వర్త్ నుంచి ఒక అమ్మ అడిగారు: "మా వాడు పాత టొయోటా 86 కొన్నాడండీ. ఇప్పుడు దాన్ని క్యాలామి ట్రాక్ మీద తిప్పుతానంటున్నాడు. ఎంతవుతుందిరా అంటే, ఎంట్రీ ఫీజు ఒక్కటేనమ్మా అంటాడు. నిజమేనా?"

నిజం కాదండీ. ట్రాక్ డేకి ఎంట్రీ ఫీజు అంటే పెళ్ళికి శుభలేఖల ఖర్చు లాంటిది. మొదట కనిపించేది అదే. అసలు ఖర్చు దాని వెనకాల వస్తుంది. మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు, ఇంకా లెక్క వేసుకోలేదు, అంతే. ఈ నెల ఆ లెక్క మనమే వేద్దాం. మీ ఇంట్లో కూడా ఇలాంటి కుర్రవాడో అమ్మాయో ఉంటే ఈ పేజీ వాళ్ళ చేతికివ్వండి. తెలుగు చదవడం కష్టమంటే మీరే పైకి చదివి వినిపించండి. కారు గురించి అంటే కూర్చుని వింటారు.

ముందు ఒక మాట నేర్చుకుందాం: అరుగుదల. చెప్పులు అరుగుతాయి, కత్తి అరుగుతుంది, టైరు అరుగుతుంది. మీ నానమ్మ భోజనం అయ్యాక "అన్నం అరిగిందా?" అని అడిగేది గుర్తుందా? అదే మాట. ట్రాక్ మీద కారు చాలా తొందరగా అరుగుతుంది. రోడ్డు మీద రెండు మూడేళ్ళు వచ్చే టైర్లు అక్కడ కొన్ని రోజుల్లో అయిపోతాయి. కారు పాడైందని కాదు. ఆ పని అలాంటిది.

క్యాలామి జోహన్నెస్‌బర్గ్‌కీ ప్రిటోరియాకీ మధ్య, మిడ్‌రాండ్‌లో ఉంది. పేరు జులూ మాటల నుంచి వచ్చింది. "ఖాయా" అంటే ఇల్లు, "లామి" అంటే నాది. మొత్తం "నా ఇల్లు". 1961లో మొదలైన ట్రాక్ ఇది. ఫార్ములా వన్ పందేలు చాలా ఏళ్ళు ఇక్కడ జరిగాయి, చివరిది 1993లో. 2014లో వేలంలో చేతులు మారి, తర్వాత కొత్తగా తయారైంది. ఇప్పుడు ఒక చుట్టు 4.522 కిలోమీటర్లు. మన నాటాల్ వైపు ఒకప్పుడు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో రాయ్ హెస్కెత్ ట్రాక్ ఉండేది. అది 1981లో మూతపడింది. పోర్ట్ షెప్‌స్టోన్ దగ్గర డెజ్జి రేస్‌వే ఉంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు దగ్గరున్నది చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. కానీ కుర్రవాళ్ళ మనసు క్యాలామి మీదే ఉంటుంది, కాబట్టి అక్కడికే వెళ్దాం.

అన్నిటికన్నా ముందు బ్రేకుల గురించి చెప్పాలి. డబ్బుకైనా ప్రాణానికైనా ఇవే ముఖ్యం.

డ్రైవరుతో కలిపి కారు బరువు 1,300 కిలోలు అనుకోండి. అది గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. మలుపు ముందు 80కి తగ్గాలి. ఆ వేగమంతా ఎక్కడికి పోతుంది? వేడిగా మారుతుంది. ఎంత వేడి? మామూలు చల్లటి నీళ్ళు సుమారు నాలుగు లీటర్లు తీసుకుని మరిగే దాకా కాచడానికి సరిపోయేంత. పొయ్యి మీద నాలుగు లీటర్ల నీళ్ళు మరగడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. బ్రేకులు అంత వేడిని కొన్ని క్షణాల్లో మింగాలి. ఒక చుట్టులో ఇలా ఎన్నోసార్లు. ఇరవై నిమిషాలు ఇదే పని.

ఇప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్ సంగతి. పెడల్ మీద మీ కాలి బలాన్ని చక్రం దాకా మోసేది ఈ నూనె లాంటి ద్రవమే. దీనికి ఒక చెడ్డ గుణం ఉంది: గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తెరిచి పెట్టిన ఉప్పు చెమ్మగిల్లినట్టే. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. డర్బన్ గాలిలో తేమకు కొరత లేదు కదా! ఫ్లూయిడ్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు పెడల్ మెత్తటి దిండులా కిందికి పోతుంది, కారు మాత్రం ఆగదు. మొత్తం పనిలో అతి చవకైన వస్తువు ఈ ఫ్లూయిడ్. మార్చి ఆరు నెలలు దాటితే ట్రాక్‌కు వెళ్ళే ముందు మళ్ళీ మార్చండి. ఏనుగును కొని అంకుశం దగ్గర పిసినారితనం చేయకూడదు.

బ్రేక్ ప్యాడ్లు కూడా అంతే. రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టుకుంటాయి, మరీ వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. ట్రాక్ ప్యాడ్లు దీనికి తిరగబడి ఉంటాయి: వేడిలో బాగా పనిచేస్తాయి, పొద్దున్నే చల్లగా ఉంటే సరిగా పట్టవు. పైగా కీచుమంటాయి, చక్రాలకు నల్లటి పొడి పూస్తాయి. వాటితోనే రోజూ ఆఫీసుకు వెళ్తానంటే ఒప్పుకోకండి. డిస్కుల మీద కనీస మందం ఎంత ఉండాలో చెక్కి ఉంటుంది. అంతకన్నా పలచబడినా, అంచు దాకా పగుళ్ళు వచ్చినా, బేరం లేదు, మార్చాల్సిందే.

టైర్ల దగ్గర గాలి లెక్క నేర్చుకోవాలి. వేడికి గాలి వ్యాకోచిస్తుంది. చల్లగా, 20 డిగ్రీల దగ్గర 2.2 బార్ ఉన్న టైరు, లోపలి గాలి 70 డిగ్రీలకు వెళ్తే 2.7 దాటుతుంది. గాలి ఎక్కువైతే టైరు ఉబ్బి, మధ్య భాగమే నేలను తాకుతుంది, పట్టు పోతుంది. అందుకే ట్రాక్ వాళ్ళు ముందే కొంచెం తగ్గించి మొదలుపెడతారు. లోపలికి రాగానే వేడి మీదే కొలిచి సరిచేస్తారు. ఇంకో చిన్న విషయం. సముద్రం పక్కన డర్బన్‌లో 2.2 చూసుకుని బయల్దేరితే, పైన క్యాలామిలో చల్లారిన టైరు కూడా 2.3 దాటి చూపిస్తుంది. టైర్లోకి గాలి ఎవరూ కొట్టలేదు. బయట గాలి పలచబడింది, అంతే. కాబట్టి అక్కడికి చేరాక మళ్ళీ కొలవాలి.

పలచటి గాలి అన్నాను కదా. క్యాలామి సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఇంజను కూడా మనలాగే ఊపిరి పీల్చుకుంటుంది. టర్బో లేని ఇంజను ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక శాతం బలం పోగొట్టుకుంటుంది. 86కి కాగితం మీద 147 కిలోవాట్లు, అక్కడ 125 దగ్గర మిగులుతాయి. పక్కన జీటీఐలో వచ్చిన బావగారు టర్బో పుణ్యాన దాటుకుని వెళ్తారు. దానికి బాధపడి కొత్త ఎగ్జాస్ట్ కొనకండి.

ఇంజను ఆయిల్ గురించి ఎక్కువ చెప్పను. మామూలుకన్నా ముందే మార్చండి, ప్రతి సెషన్ అయ్యాక కొలపుల్ల తీసి చూడండి.

ఇక డబ్బు. కింద వేసేవి ఏ షాపు ధరలూ కావు. లెక్క ఎలా వేయాలో చూపించడానికి గుండ్రటి అంకెలు పెట్టాను. మీరు ఫోన్ చేసి అసలు ధరలు కనుక్కుని వాటి చోట రాసుకోండి.

టైర్లు నాలుగూ కలిసి 10,000 రాండ్లు, అయిదు ట్రాక్ రోజులు వచ్చాయి అనుకుందాం. రోజుకు 2,000. ముందు ప్యాడ్లు 3,000, నాలుగు రోజులు: రోజుకు 750. డిస్కులు 4,000, ఎనిమిది రోజులు: 500. ఆయిల్, ఫిల్టర్ 1,500, మూడు రోజులకోసారి: మరో 500. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడానికి 400, రెండు రోజులకోసారి: 200. కూడితే అరుగుదల ఒక్కటే రోజుకు 3,950 రాండ్లు.

పెట్రోలు చూడండి. ఇరవై నిమిషాల సెషన్‌లో ఎనిమిది చుట్లు తిరిగితే 36 కిలోమీటర్లు. అలాంటివి అయిదు అంటే 180. ట్రాక్ మీద కారు వంద కిలోమీటర్లకు 25 లీటర్లు తాగినా 45 లీటర్లే. కానీ డర్బన్ నుంచి అక్కడికి సుమారు 600 కిలోమీటర్లు, రానూపోనూ 1,200. వందకు 8 లీటర్లు వేసుకున్నా 96 లీటర్లు. చూశారా, ట్రాక్‌కన్నా దారే రెండింతలు తాగింది! మొత్తం 141 లీటర్లు. లీటరు 22 రాండ్లు అనుకుంటే 3,100 పైనే. దీనికి టోల్ కలపండి: మారియన్‌హిల్, మూయి రివర్, టుగేలా, విల్గె, డి హుక్. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ.

ఎంట్రీ ఫీజు, రాత్రి బస, అద్దె హెల్మెట్ ఇంకా కలపలేదు. అప్పుడే 7,000 దాటింది. దారి తిండి ఇంట్లోంచి కట్టుకెళ్తే కొంచెం మిగులుతుంది. పాడ్‌కోస్ అంటే మనవాళ్ళకు చెప్పాలా! పులిహోర బాగుంటుంది, రెండో రోజుకూ పాడవదు.

ఇంత ఖర్చూ నాకు పెద్ద సమస్యగా కనిపించదు. సరదాకు ఖర్చు పెట్టేవాళ్ళు చేపల వేటకు, క్రికెట్‌కు కూడా పెడతారు. నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది ఇన్సూరెన్సు.

మామూలు కారు పాలసీ తీసి చదవండి. మినహాయింపులు అన్న చోట పందేలు, వేగ పరీక్షలు, ట్రాక్ వాడకం లాంటి మాటలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. "ఇది పందెం కాదండీ, ఊరికే తిప్పుకుంటున్నాం" అంటే కుదరదు. గోడకు తగిలితే కంపెనీ రూపాయి ఇవ్వదు, అంటే ఇక్కడ సెంటు ఇవ్వదు. కారు బ్యాంకు అప్పు మీద ఉంటే ఏమవుతుంది? కారు పోతుంది, కంతులు మిగులుతాయి. లేని కారుకు నెలనెలా మూడేళ్ళో నాలుగేళ్ళో కట్టాలి. ఆ జీతం మీద తల్లిదండ్రులు, చెల్లెలి చదువు ఆధారపడి ఉంటే దెబ్బ ఇంటి మొత్తానికీ తగులుతుంది.

అందుకని అమ్మా, మీ అబ్బాయిని ఎంట్రీ ఫీజు అడగకండి. ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఈ కారు రేపు తుక్కయిపోతే, దాన్ని అక్కడే వదిలేసి బస్సెక్కి ఇంటికి రాగలవా?" రాగలడంటే వెళ్ళనివ్వండి. లేదంటే ఇప్పుడు కాదు. ముందు అప్పు తీర్చనివ్వండి, లేదా ఇంకా చవకైన కారు తీసుకోనివ్వండి. ట్రాక్ రోజుకు విడిగా పాలసీ అమ్మేవాళ్ళు కొందరు ఉన్నారు. మీ బ్రోకరును ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ట్రాక్ గేటు దగ్గర సంతకం పెట్టించుకునే కాగితం కూడా చదవాలి. గోడకో కంచెకో నష్టం జరిగితే ఎవరు కట్టాలో అందులోనే ఉంటుంది.

బాబూ, ఇప్పుడు నీతో. చేతిలో కొంచెం డబ్బు మిగిలితే దాన్ని కారు మీద పెట్టకు, పక్క సీట్లో కూర్చుని నేర్పే శిక్షకుడికి ఇవ్వు. ఎక్కడ బ్రేకు వేయాలో, ఎక్కడ చూపు నిలపాలో ఆయన చెప్తాడు. సాఫీగా నడిపేవాడి టైర్లు ఎక్కువ రోజులు వస్తాయి, కాబట్టి ఆ ఫీజు కొంత తిరిగి వస్తుంది కూడా. కారులోంచి వదులుగా ఉన్నవన్నీ తీసేయి: నీళ్ళ సీసా, నాణేలు, వెనక సీట్లో అమ్మ మర్చిపోయిన గొడుగు. పెడల్ కిందికి ఒక సీసా దొర్లితే చాలు. ప్రతి సెషన్‌లో చివరి చుట్టు నెమ్మదిగా, బ్రేకు తక్కువగా వాడుతూ తిరుగు. అప్పుడే అన్నీ చల్లబడతాయి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకు. మండుతున్న డిస్కుకు ప్యాడ్ అంటుకుని మచ్చ పడుతుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. గేరులో పెట్టి, చక్రం కింద ఇటుక పెట్టు.

సాయంత్రం తొందరపడి బయల్దేరకు. ట్రాక్ కోసం తగ్గించిన గాలితో ఎన్3 మీద వాన్ రీనెన్ కనుమ దిగకూడదు. అక్కడ పొగమంచు ఉంటుంది, లారీలు ఉంటాయి. టైర్లు చల్లారనిచ్చి గాలి నింపు. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో సరిచూడు. ప్యాడ్లు ఎంత మిగిలాయో తొంగి చూడు. దారికి సరిపడా లేకపోతే రాత్రి అక్కడే ఉండి, పొద్దున మార్పించుకునిరా. అమ్మకు మాత్రం ఫోన్ చేసి చెప్పు.