పోల్ అంటే కరెంటు స్తంభం కాదు



పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన నేను, కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో 'పోల్ ప్లేస్‌మెంట్' అనగానే కరెంటు స్తంభం పాతడమేమో అనుకున్నాను. నవ్వుతారని అడగలేదు. ఫార్ములాలు బట్టీ పట్టి రాశాను, సబ్జెక్టు పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను.

నిజానికి ఈ పాఠం సగం హాస్టల్ నీళ్ల ట్యాంకులోనే ఉంది. తేలే బంతి నీటిమట్టం తగ్గిన కొద్దీ వాల్వు తెరుస్తుంది. తేడా ఎంతో చర్య అంత. ఇది 'పీ'. పొద్దున్నే అందరం కుళాయిలు తిప్పితే మట్టం కాస్త కిందే నిలిచిపోతుంది. బంతి దిగితేనే గదా వాల్వు తెరిచి ఉండేది! ఆ మిగిలిన లోటును కూడబెట్టి సరిచేసేది 'ఐ'. మట్టం ఎంత వేగంగా మారుతోందో చూసి ముందే జాగ్రత్తపడేది 'డీ'. 1922లో మినోర్‌స్కీ ఈ మూడింటినీ లెక్కలో పెట్టింది ఓడ చుక్కాని కోసం. రేవు ఊళ్లో ఉన్న మనకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

మరి పోల్? సమీకరణం మూలమే. మూలం రుణాత్మకమైతే కుదుపు ఆరిపోతుంది, ధనాత్మకమైతే పెరిగిపోతుంది, సంకీర్ణమైతే ఊగుతుంది. ప్లాంటు 1/(ఎస్+1) అనుకోండి. పీఐ తగిలిస్తే ఎస్² + (1+కేపీ)ఎస్ + కేఐ = 0 వస్తుంది. మూలాలు -2, -3 కావాలా? అయితే అది ఎస్² + 5ఎస్ + 6 కావాలి. కేపీ 4, కేఐ 6. అంతే, పదో తరగతి వర్గ సమీకరణం! ఆశపడి -200, -300 అడిగితే కాగితం ఒప్పుకుంటుంది గానీ వాల్వు ఒప్పుకోదు. పూర్తిగా తెరుచుకున్నాక ఇంకేం తెరుచుకుంటుంది?

మన ఉక్కు కర్మాగారంలో కంటిన్యువస్ కాస్టింగ్ ఉంది. కరిగిన ఉక్కు టండిష్ నుంచి మౌల్డ్‌లోకి దిగుతుంటుంది. అక్కడ మట్టం అదుపు తప్పి ఊగితే పైనున్న పౌడర్ ఉక్కులో చిక్కుకుని సరుకు పాడవుతుంది. గట్టిపడుతున్న పొర చిట్లిందా, ద్రవ ఉక్కు బయటికి కారిపోతుంది. కూర్మన్నపాలెంలో బస్సు దిగి గేటు చూసి వచ్చేస్తాం గానీ, లోపల కావలసింది ఈ లెక్కే.

అందుకే నా అభిప్రాయం ఒకటే. సాఫ్ట్‌వేర్‌లో 'ఆటో ట్యూన్' నొక్కించి నేర్పడం తప్పు. ముందు చేత్తో, తెలుగులో చేయించాలి. ఆ తర్వాత ఉచితంగా దొరికే సైలాబ్‌లో సరిచూసుకోవచ్చు. తెలుగులో చెబితే ఇంటర్వ్యూలో తడబడతారని కొందరు సీనియర్లు అంటారు. నేను ఒప్పుకోను. అర్థమైనవాడికి ఇంగ్లీషు మాటలు వారంలో వస్తాయి. నేను ఆ మాటలు ముందు నేర్చుకుని, అర్థం కోసం ఏడాది తిరిగాను.

ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌లో ఒక బోర్డు ఇప్పించండి, నేనే వచ్చి ఈ లెక్క చేస్తాను. చాక్‌పీసులు నావే.