రాకెట్ ఊసెత్తని భోజనం
1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరులకు జవాబు చెప్పుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. మరుసటి ఏడాది జూలై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3తో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం ఆయన విలేకరుల ముందుకు కలాంనే పంపారు. ఇది చాలామందికి తెలిసిన కథే. అంతగా ఎవరూ చెప్పుకోనిది ఇంకోటుంది. రాకెట్ కూలాక అలసటతో నిద్రపోయిన కలాంను భుజం తట్టి లేపింది విక్రమ్ సారాభాయ్ కేంద్రం డైరెక్టర్ బ్రహ్మప్రకాశ్. అంతకుముందే రెండుసార్లు వచ్చి, నిద్ర పాడుచేయలేక వెనుదిరిగారట. భోజనానికి వెళ్దామన్నారు, తింటున్నంతసేపూ రాకెట్ ఊసెత్తలేదు. కలాం దీన్ని ఆత్మకథలో రాసుకున్నారు. భోజనాల మాటకొస్తే, హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో టీమ్ లంచ్‌లకూ పుట్టినరోజు కేకులకూ కొరత లేదు. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ రిలీజ్ బెడిసికొట్టిన రాత్రి క్లయింటు కాల్‌లో మేనేజరే తప్పు చేసిన కుర్రాడి పేరు బయటపెడితే ఆ కేకులన్నీ అక్కడితో చెల్లు; మర్నాటి నుంచి అతను లోపం కళ్లబడ్డా నోరు మెదపడు. తప్పును కప్పిపుచ్చమని కాదు. ఇస్రోలోనూ సమీక్ష నిక్కచ్చిగానే జరిగింది, నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం లీకైందని తేలింది, బాధ్యత తనదేనని కలాం అందరి ముందూ ఒప్పుకున్నారు. టీమ్ లీడ్‌లకు ఫీడ్‌బ్యాక్ ఎలా రాయాలో శిక్షణ ఇస్తున్న కంపెనీలు, క్లయింటు ముందు తమవాణ్ని వెనకేసుకురావడం, ఆ తర్వాత తలుపేసుకుని అతనితో కూర్చుని లోపం వెతకడం కూడా నేర్పాలి.