స్పేస్ షటిల్ కథ కంచికి: మళ్లీ మళ్లీ ఎగిరింది.. చౌకగా మాత్రం ఎగరలేదు!

అమెరికా స్పేస్ షటిల్ శకానికి తెర పడింది. భారత కాలమానం ప్రకారం 2011 జులై 21 గురువారం మధ్యాహ్నం 3 గంటల 27 నిమిషాలకు అట్లాంటిస్ ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్ రన్‌వే మీద దిగింది. అక్కడ అప్పటికింకా తెల్లవారలేదు. కమాండర్ క్రిస్ ఫెర్గూసన్, పైలట్ డగ్ హర్లీ, శాండీ మాగ్నస్, రెక్స్ వాల్‌హీమ్.. నలుగురూ క్షేమంగా తిరిగొచ్చారు. 1981 ఏప్రిల్ 12న కొలంబియాతో మొదలైన షటిల్ ప్రయాణం 30 ఏళ్లలో 135 ట్రిప్పులు పూర్తి చేసుకుని ఇక మ్యూజియం బాట పట్టింది.

పాత బండిని పక్కన పెట్టడం కొత్తేమీ కాదు. కానీ ఇక్కడ కొత్త బండి సిద్ధం కాకుండానే పాతదాన్ని షెడ్డుకు పంపేశారు. చంద్రుడి మీద కాలు పెట్టిన దేశానికి ఆ రోజు నుంచి కొన్నేళ్లపాటు సొంతంగా ఒక్క మనిషిని కూడా అంతరిక్షంలోకి పంపే దారి లేకుండా పోయింది. ఇంతదాకా ఎందుకొచ్చింది? మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని అంత గొప్పగా తయారుచేసిన వాహనాన్ని ఎందుకు వదులుకోవాల్సి వచ్చింది?

ఈసారి నలుగురే ఎందుకు?

షటిల్‌లో మామూలుగా ఆరుగురో ఏడుగురో వెళ్లేవారు. ఈ చివరి ట్రిప్పులో మాత్రం నలుగురే వెళ్లారు. దీని వెనుక పెద్ద కారణమే ఉంది. 2003లో కొలంబియా ప్రమాదం తర్వాత, పైకెళ్లిన షటిల్ దెబ్బతింటే అందులోని వాళ్లను తీసుకురావడానికి మరో షటిల్‌ను సిద్ధంగా ఉంచేలా నాసా ప్లాన్ చేసుకునేది. ఈసారి అలా పంపడానికి ఇంకో షటిల్ లేదు. అట్లాంటిస్‌కు ఏమైనా జరిగి ఉంటే ఈ నలుగురూ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనే ఉండిపోయి, రష్యా సోయజ్ నౌకల్లో ఒక్కొక్కరుగా దిగి రావాల్సి వచ్చేది. అందరూ ఇల్లు చేరడానికి నెలలకు నెలలే పట్టేది.

అంటే షటిల్ ఇంకా ఎగురుతుండగానే అమెరికా రష్యా మీద ఆధారపడటం మొదలైపోయింది. 2011లో అది పూర్తయింది. 2014 నుంచి 2016 వరకు 12 సీట్ల కోసం నాసా 2011 మార్చిలోనే రష్యాతో ఒప్పందం చేసుకుంది. విలువ 75 కోట్ల 30 లక్షల డాలర్లు. ఒక్కో సీటుకు 6 కోట్ల 27 లక్షల డాలర్లు పడింది. అప్పటి మన లెక్కలో దాదాపు 280 కోట్ల రూపాయలు!

చెప్పిందేంటి? జరిగిందేంటి?

1972 జనవరి 5న అప్పటి అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ షటిల్ కార్యక్రమాన్ని ప్రకటించారు. అపోలో రాకెట్లు ఒక్కసారి వాడితే అయిపోయేవి. కోట్ల డాలర్ల రాకెట్ సముద్రం పాలయ్యేది. అందుకే విమానంలా వెళ్లి విమానంలా తిరిగొచ్చే వాహనం ఉంటే ఖర్చు బాగా తగ్గుతుందనేది ఆలోచన. వినడానికి బాగానే ఉంది కదా!

అప్పటి అంచనాల ప్రకారం షటిళ్లు దాదాపు వారానికొకటి చొప్పున ఎగరాలి. దిగిన షటిల్ రెండు వారాల్లో మళ్లీ సిద్ధమవ్వాలి. ఒక్కో షటిల్ 100 సార్లు వెళ్లి రావాలి.

వాస్తవం ఇలా ఉంది. అత్యధికంగా ఎగిరిన ఏడాది 1985. ఆ ఏడాది మొత్తం తొమ్మిది ట్రిప్పులే. ఒక షటిల్ ఒకసారి ఎగిరాక మళ్లీ ఎగరడానికి పట్టిన అతి తక్కువ సమయం 54 రోజులు. ఆ రికార్డూ 1985లో అట్లాంటిస్‌దే. మిగతా సందర్భాల్లో అంతకంటే ఎక్కువే పట్టింది. ట్రిప్పుల లెక్క చూస్తే డిస్కవరీ 39, అట్లాంటిస్ 33, కొలంబియా 28, ఎండీవర్ 25, చాలెంజర్ 10. వందకు దగ్గరగా వెళ్లినది ఒక్కటీ లేదు.

తేడా ఎక్కడ కొట్టింది?

షటిల్ తిరిగి వచ్చేటప్పుడు ధ్వని కంటే 25 రెట్లు వేగంతో వాతావరణంలోకి దూసుకొచ్చేది. ఆ రాపిడికి పుట్టే వేడిని తట్టుకోవడానికి ఒంటి నిండా దాదాపు 24 వేల పలకలు అతికించారు. ఇవి ఇంటి గచ్చు టైల్స్‌లా అన్నీ ఒకేలా ఉండవు. ఏ చోటి పలక ఆకారం ఆ చోటిదే. ప్రతి ట్రిప్పు తర్వాత వాటిని మనుషులే దగ్గరుండి పరీక్షించాల్సి వచ్చేది, పాడైనవి మార్చాల్సి వచ్చేది. మూడు మెయిన్ ఇంజిన్లనూ విప్పి తనిఖీ చేయాల్సి వచ్చేది. పక్కనుండే రెండు బూస్టర్లను సముద్రంలోంచి పైకి లాగి, విడదీసి, శుభ్రం చేసి, మళ్లీ ఇంధనం నింపాల్సి వచ్చేది. మధ్యలో కనిపించే పెద్ద నారింజ రంగు ట్యాంకు ప్రతిసారీ కాలిపోయేదే. అంటే షటిల్ పూర్తిగా తిరిగి వాడే వాహనమేమీ కాదు.

ఇంకోలా చూద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చిన ఆర్టీసీ బస్సును ప్రతిసారీ డిపోలో ఇంజిన్ దించి, ప్రతి నట్టూ బోల్టూ చూసి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ రోడ్డెక్కిస్తే టికెట్ ఎంతవుతుంది? బస్సు అదే కావచ్చు. కానీ డిపో ఖర్చంతా ఆ కొద్దిమంది ప్రయాణికుల మీదే పడుతుంది. షటిల్‌కూ ఇదే జరిగింది. షటిల్ ఎగిరినా ఎగరకపోయినా దాన్ని చూసుకునే వేలమంది ఇంజినీర్లకు, టెక్నీషియన్లకు జీతాలు ఇవ్వాల్సిందే. ట్రిప్పులు తగ్గేకొద్దీ ఒక్కో ట్రిప్పు ఖర్చు పెరుగుతూ పోయింది.

మొత్తం కార్యక్రమానికి అప్పటి ధరల్లో దాదాపు 20 వేల కోట్ల డాలర్లు ఖర్చయినట్టు అంచనా. 135తో భాగిస్తే ట్రిప్పుకు సుమారు 150 కోట్ల డాలర్లు. అప్పటి లెక్కన రూపాయల్లో 6,600 కోట్ల పైమాటే. 2011-12 కేంద్ర బడ్జెట్‌లో మన అంతరిక్ష శాఖకు కేటాయించింది కూడా ఇంచుమించు ఇంతే. మనకు ఏడాది మొత్తానికి సరిపోయే డబ్బు అక్కడ ఒక్క ట్రిప్పుకు అయిపోయిందన్నమాట.

రెండు ప్రమాదాలు.. 14 ప్రాణాలు

డబ్బు సంగతి అటుంచితే, షటిల్‌ను అసలు ముంచింది భద్రత. 1986 జనవరి 28న చాలెంజర్ బయల్దేరిన 73 సెకన్లకే ముక్కలైంది. బూస్టర్ అతుకుల దగ్గరుండే రబ్బరు రింగు చలికి బిగుసుకుపోవడమే కారణమని తేలింది. ఆ చలిలో ప్రయోగం వద్దని బూస్టర్ తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు ముందురోజు రాత్రే హెచ్చరించారు. వాళ్ల మాట చెల్లలేదు. స్కూల్ టీచర్ క్రిస్టా మెకాలిఫ్ సహా ఏడుగురు చనిపోయారు.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వంతు. బయల్దేరినప్పుడే ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దాని బరువు ముప్పావు కిలో ఉంటుందేమో, అంతే. కానీ తిరుగు ప్రయాణంలో ఆ చిల్లులోంచి వేడి లోపలికి చొరబడి షటిల్ ఆకాశంలోనే విడిపోయింది. దిగడానికి ఇంకో పావుగంట ఉందనగా కల్పనా చావ్లాతో పాటు ఏడుగురినీ పోగొట్టుకున్నాం.

రెండు ప్రమాదాల్లోనూ బయటపడిన లోపం ఒకటే. షటిల్ రాకెట్ నెత్తిన కాకుండా పక్కన వేలాడుతూ వెళ్లేది. పైనుంచి ఏది ఊడినా దానికే తగిలేది. పేలుడు జరిగితే తప్పించుకునే ఏర్పాటు లేకపోయింది. పైగా ఉపగ్రహం పంపాలన్నా, సరుకు పంపాలన్నా అందులో మనుషులు కూర్చోవాల్సి వచ్చేది. ఒక మామూలు ఉపగ్రహం కోసం ఏడుగురి ప్రాణాలను పణంగా పెట్టడం ఏం లెక్క? ఈ ప్రశ్నకు నాసా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

అందుకే 2004 జనవరి 14న అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్, అంతరిక్ష కేంద్రం నిర్మాణం పూర్తికాగానే షటిళ్లను ఆపేస్తామని ప్రకటించారు. చాలామంది ఈ నిర్ణయం ఒబామాదే అనుకుంటున్నారు. నిజానికి ఆయన రద్దు చేసింది షటిల్ తర్వాత రావాల్సిన కాన్‌స్టలేషన్ కార్యక్రమాన్ని. ఆ ఖాళీకి రెండు ప్రభుత్వాలూ కారణమే.

మరి లాభమేమీ లేదా?

అలా అనేస్తే అన్యాయమే. 16 దేశాలకు చెందిన 355 మంది షటిల్ ఎక్కారు. 1990లో హబుల్ టెలిస్కోప్‌ను పైకి తీసుకెళ్లింది డిస్కవరీ. దాని అద్దంలో లోపం బయటపడితే 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేసి వచ్చారు. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు రిపేరుకు వెళ్లారు. అంతరిక్షంలోకి వెళ్లి పాడైనదాన్ని బాగుచేయడం షటిల్ లాంటి వాహనంతోనే సాధ్యమైంది. 400 టన్నుల అంతరిక్ష కేంద్రంలో పెద్ద భాగాలను మోసుకెళ్లిందీ షటిళ్లే. ఈ పనులు చేయగల మరో వాహనం అప్పట్లో ఏ దేశం దగ్గరా లేదు. సోవియట్ యూనియన్ కూడా బురాన్ పేరుతో షటిల్ తయారుచేసింది కానీ, 1988లో మనుషులు లేకుండా ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది.

షటిల్‌తో మనకున్న చుట్టరికం

మన ఇళ్లలోకి టీవీ రావడంలోనూ షటిల్ పాత్ర ఉంది. 1983 ఆగస్టు 30న చాలెంజర్ మోసుకెళ్లిన ఇన్‌శాట్-1బీ వల్లే దూరదర్శన్ దేశంలో మూలమూలలకూ చేరింది. ఆ తర్వాత ఇన్‌శాట్-1సీతో పాటు ఒక భారతీయుడు కూడా 1986లో షటిల్‌లో వెళ్లాల్సింది. ఇందుకోసం ఇస్రో ఇంజినీర్లు ఎన్.సి.భట్, పి.రాధాకృష్ణన్‌లను ఎంపిక కూడా చేశారు. చాలెంజర్ ప్రమాదంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. ఉపగ్రహం 1988లో యూరప్ రాకెట్ ఏరియాన్ మీద వెళ్లింది.

సునీతా విలియమ్స్ 2006లో డిస్కవరీలో వెళ్లి, 2007లో ఇదే అట్లాంటిస్‌లో తిరిగొచ్చారు. భారత్‌లో పుట్టిన నోబెల్ శాస్త్రవేత్త చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్రా టెలిస్కోప్‌ను 1999లో తీసుకెళ్లింది కొలంబియా. శ్రీహరికోట నుంచి 2002లో పంపిన వాతావరణ ఉపగ్రహానికి ఇప్పుడు కల్పనా చావ్లా పేరే ఉంది. అప్పట్లో తుపాను వార్తల్లో టీవీల్లో కనిపించిన మేఘాల ఫొటోలు కల్పన-1 పంపినవే.

ఇక ముందు ఏంటి?

2011లో నాసా రెండు దారులు పట్టింది. అంతరిక్ష కేంద్రానికి మనుషులను తీసుకెళ్లే పని ప్రైవేటు కంపెనీలకు అప్పజెప్పాలన్నది ఒకటి. బోయింగ్, స్పేస్‌ఎక్స్, సియెరా నెవాడా, బ్లూ ఆరిజిన్ కంపెనీలకు 2011 ఏప్రిల్‌లో నిధులిచ్చింది. వీటిలో స్పేస్‌ఎక్స్ తయారుచేసిన డ్రాగన్ 2010 డిసెంబర్‌లో మనుషులు లేకుండా కక్ష్యలోకి వెళ్లి క్షేమంగా సముద్రంలో దిగింది. సుదూర ప్రయాణాల కోసం నాసా సొంతంగా ఓరియన్ తయారుచేసుకోవడం రెండో దారి. కొత్త నౌకలన్నీ రాకెట్ నెత్తిన కూర్చునేవే. ప్రమాదం వస్తే మనుషులు తప్పించుకునే ఏర్పాటూ ఉంటుంది. షటిల్ నేర్పిన పాఠం ఇదే.

అయితే అప్పటికి ఇవేవీ రేపో మాపో వచ్చేవి కావు. అన్నీ అనుకున్నట్టు జరిగినా కొన్నేళ్లు పట్టేదే. అప్పటిదాకా సోయజ్‌కు ఏదైనా ఇబ్బంది వస్తే అంతరిక్ష కేంద్రానికి వెళ్లే దారే మూసుకుపోయేది. అటు చైనా సొంత అంతరిక్ష కేంద్రం దిశగా టియాన్‌గాంగ్ ప్రయోగానికి 2011లో సిద్ధమైంది. కెన్నెడీ సెంటర్ చుట్టుపక్కల వేలమంది ఉద్యోగాలు పోయాయి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఆ చేతులు వేరే పనుల్లోకి వెళ్లిపోతే మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం నాసాకు తేలిక కాదు.

ఇస్రోకు ఇదో పాఠం

మన దేశమూ ఇదే బాటలో ఉంది. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎస్ఆర్ఈ-1 క్యాప్సూల్ 12 రోజుల తర్వాత బంగాళాఖాతంలో దిగింది. వేడిని తట్టుకునే పలకలు మనమూ తయారుచేయగలమని తేలింది. రెక్కలున్న రీయూజబుల్ వాహనం నమూనా మీద 2011లో తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ సెంటర్ పనిచేస్తుండేది. మనుషులను పంపే ప్రతిపాదనా అప్పటికే ఉండేది. 2011 జులై 15న పీఎస్‌ఎల్‌వీ-సీ17 జీశాట్-12ను విజయవంతంగా పంపింది. కానీ పెద్ద రాకెట్ జీఎస్‌ఎల్‌వీ 2010లో రెండుసార్లు విఫలమైంది. మనుషులను పంపాలంటే ముందు ఆ రాకెట్ మీద నమ్మకం కుదరాల్సి ఉండేది.

షటిల్ ఓడిపోయింది కాబట్టి తిరిగి వాడుకునే ఆలోచనే తప్పనుకోవాల్సిన పనిలేదు. మళ్లీ ఎగరడం సాధ్యమేనని 135 ట్రిప్పులు రుజువు చేశాయి. తేలనిదల్లా ఖర్చు లెక్కే. ఇస్రో వాహనం రన్‌వే మీద దిగినప్పుడు చప్పట్లు ఎలాగూ కొడతాం. దిగినదాన్ని మళ్లీ ఎగిరించడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఎంతమంది కావాలి, ఎంత ఖర్చవుతుంది అనే ప్రశ్నలు మాత్రం డిజైన్ కాగితం మీద ఉండగానే వేసుకోవాలి. నాసా ఆ ప్రశ్నలకు 1972లో వేసుకున్న అంచనాలు తప్పాయి. ఆ తప్పును మోయడానికే ముప్పై ఏళ్లు పట్టింది.