కుక్కకు కావలసినది మత్తు కాదు, మచ్చిక

పెంపుడు కుక్కను పశువైద్యశాలకు తీసుకొని వెళ్ళడం అనేక గృహాలలో చిన్నపాటి యుద్ధంగా పరిణమిస్తున్నది. ఆ పెనుగులాటకు వెరచి కొందరు టీకాల గడువును దాటవేస్తారు. మరికొందరు "కాస్త మత్తు కలిగించే మూలిక ఏదైనా సెలవియ్యండి" అని మావంటి వైద్యులను అడుగుతారు. ఈ రెండు మార్గాలూ ప్రమాదకరమైనవేనని నా నిశ్చితాభిప్రాయం.

నిద్ర పట్టనివారికి పాలలో జాజికాయ అరగదీసి ఇవ్వడం మన ఇళ్ళలో వాడుకలో ఉన్న చిట్కా. అయితే అదే జాజికాయ కుక్కకు విషతుల్యం. మోతాదు మించితే గుండె వేగం హెచ్చడం, దిగ్భ్రమ, వణుకు, మూర్ఛ కలుగవచ్చు. మనం నిత్యం వాడే ఉల్లి, వెల్లుల్లి సైతం కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, గుఱ్ఱాలకు శాలిహోత్రుని అశ్వశాస్త్రం వేర్వేరుగా వెలసినవంటే, జాతిని బట్టి చికిత్స మారాలని మన పూర్వులు గ్రహించారనే కదా అర్థం!

చరకసంహిత పేర్కొన్న త్రివిధ చికిత్సలలో సత్త్వావజయం ఒకటి. మనస్సును అహితమైన వాటినుండి మళ్ళించడమే దాని సారం. మనిషికి చెప్పిన ఈ సూత్రం మూగజీవి భయానికీ దారి చూపుతుంది. ప్రతిదినం రెండు మూడు నిమిషాలపాటు కుక్క చెవులు, నోరు, పాదాలు మృదువుగా తాకి, వెనువెంటనే దానికిష్టమైన చిన్న తినుబండారం పెట్టాలి. మూతికి చిక్కం తొడగడం కూడా ఇదే రీతిన ఇంటివద్దనే అలవాటు చేయాలి. సూదిమందు లేని దినాలలోనూ వైద్యశాల వరకు నడిపించి, ఏదైనా తినిపించి, మరలి రావాలి. టీకాలు పూర్తికాని పిల్లనైతే అక్కడ నేలపై వదలక ఎత్తుకొనియే ఉండాలి. మొక్కై వంగనిది మానై వంగునా?

వెళ్ళేనాడు దాని పాత దుప్పటి వెంట ఉంచుకొని, వంతు వచ్చేదాకా సందడికి దూరంగా ఆగడం మేలు. తోక ముడవడం, మాటిమాటికి ఆవులించడం, పెదవులు నాకడం భయలక్షణాలు కావచ్చు. అప్పుడు గద్దించడం, కొట్టడం కూడదు. భయం మితిమీరినచో ముందుగా ఇవ్వవలసిన మందును పశువైద్యుడే నిర్ణయించాలి.

రేబిస్ లక్షణాలు బయటపడిన పిమ్మట ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. దానికి మా ఆయుర్వేదంలోనూ ప్రత్యామ్నాయం లేదని నిస్సంకోచంగా చెబుతున్నాను. మూడవ నెలలో తొలి టీకా, ఏడాదికి మరొకటి, ఆపై వైద్యుడు చెప్పిన గడువున తప్పక వేయించాలి. కుక్క భయానికి మనం జంకితే, ఆ మూల్యం ఇంటిలోని పసిబిడ్డలు చెల్లించవలసి రావచ్చు.