సూది ఉన్న చేయి కనబడాలి

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన వ్యక్తి సాధారణంగా వారానికి రెండు లేక మూడు సార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలపాటు డయాలిసిస్ యంత్రం పక్కన గడపవలసి వస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016-17 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ఈ ఖరీదైన చికిత్సను పేద కుటుంబాల దరికి చేర్చాయి. దీనిని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. అయితే పడక దొరకడంతోనే రోగి హక్కు నెరవేరినట్లు కాదు. ఆ పడకపై ఉన్నంతసేపూ అతని ప్రాణం భద్రంగా ఉండాలి. సూది వల్ల జరిగే ప్రమాదాలను, రక్తస్రావాన్ని 'ఇవి మామూలే' అని కొట్టిపారేసే ధోరణి ఇంకా పోలేదు గనుక ఈ విషయం చర్చించవలసి వస్తోంది.

చేతిలోని ధమనిని, సిరను శస్త్రచికిత్సతో కలిపి తయారుచేసే మార్గాన్ని ఫిస్ట్యులా అంటారు. అందులో రెండు సూదులు గుచ్చుతారు. ఒకటి రక్తాన్ని యంత్రానికి పంపుతుంది, రెండవది శుద్ధి అయిన రక్తాన్ని తిరిగి శరీరానికి చేరుస్తుంది. సూది రక్తనాళం గోడను చీల్చుకొని పోతే రక్తం చుట్టూ ఉన్న కండలోకి చేరుతుంది. చేయి ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, పోటు పెడుతుంది. ఇది తరచూ జరిగేదే. వెంటనే చెబితే పంపు ఆపి, నష్టాన్ని అదుపు చేయవచ్చు. మొదటి రోజు గుడ్డలో చుట్టిన మంచుతో కాపడం పెడతారు, వాపు తగ్గేవరకు ఆ చోట మళ్లీ సూది గుచ్చరు. 'కాస్త ఓర్చుకోండి' అన్న మాట విని మౌనంగా ఉంటే మాత్రం, ఎన్నో నెలల నిరీక్షణతో సిద్ధమైన ఫిస్ట్యులాయే చెడిపోవచ్చు.

రెండవ ప్రమాదం అరుదైనదే గాని ప్రాణాంతకమైనది. రక్తాన్ని తిరిగి ఇచ్చే సూది జారి బయటికి వస్తే, యంత్రం నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తాన్ని పడకమీదికి పంపుతూనే ఉంటుంది. పెద్దవారి శరీరంలో ఉండేది సుమారు 5 లీటర్లు. అంటే నాలుగు నిమిషాల్లో ఒక లీటరు పోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల సూది రంధ్రం నుంచి కారే రక్తం కూడా తేలికగా ఆగదు.

'యంత్రం అలారం మోగించదా?' అని పాఠకులు అడగవచ్చు. ఎల్లప్పుడూ మోగదు. యంత్రం కొలిచే ఒత్తిడిలో అధిక భాగం సన్నని సూదిగుండా రక్తం పోవడం వల్ల పుట్టేదే. సూది చేతిలో ఉన్నా, పడకమీద పడి ఉన్నా ఆ ఒత్తిడి పెద్దగా మారదు. ఆ కొద్దిపాటి తేడాను యంత్రం గుర్తించకపోవచ్చు. కనుక ఈ ప్రమాదాన్ని పసిగట్టగలిగేది ముందుగా మనిషి కన్నే. ఆ కంటికి చేయి కనబడాలి.

ఇక్కడ మన కుటుంబాలతో సూటిగా ఒక మాట చెప్పదలిచాము. పర్దా పాటించే మన తల్లులు, అక్కచెల్లెళ్లలో చాలామంది డయాలిసిస్ జరుగుతున్నంతసేపూ చేతిపై దుప్పటి గాని, చున్నీ గాని కప్పుకొంటారు. పురుష టెక్నీషియన్లు, పక్క పడకల్లో పరాయి మగవారు ఉన్నప్పుడు ఆ సంకోచం సహజమే, గౌరవించదగినదే. కాని దుప్పటి కింద కారే రక్తం నేలమీదికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. చలికి కప్పుకొనే వృద్ధుల విషయంలోనూ ఇదే ప్రమాదం. శరీరమంతా కప్పుకోండి, సూదులున్న చోటును మాత్రం తెరిచి ఉంచండి.

అయితే ఈ బాధ్యతనంతా రోగిపైనే మోపి తప్పుకోవడం అన్యాయం. స్త్రీ తన మర్యాదకూ తన ప్రాణానికీ మధ్య ఒకదాన్ని ఎంచుకోవలసిన స్థితి ఎందుకు రావాలి? పడకల మధ్య ఒక తెర, స్త్రీలకు ఒక వరుస, వీలున్న చోట మహిళా సిబ్బంది ఉంటే సమస్య చాలావరకు తీరుతుంది. తెర లోపల చేయి తెరిచే ఉంటుంది, సిబ్బంది వచ్చి చూసిపోతూ ఉంటారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయవలసిందిగా కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. గోప్యత, మానవ గౌరవం, తన చికిత్స గురించిన సమాచారం రోగి హక్కులని ఆ పత్రం చెబుతోంది. ఉచిత చికిత్స పొందేవారికి ఈ హక్కులు తగ్గిపోవు.

సమాచారమన్నది అర్థమయ్యే భాషలో ఉండాలి. ఉర్దూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రెండవ అధికార భాష. అయినా రోగిచేత సంతకం పెట్టించుకొనే కాగితం ఆంగ్లంలో ఉంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే వృద్ధురాలికి దానివల్ల ఏం తెలుస్తుంది? 'చేయి తడిగా అనిపిస్తే వెంటనే పిలవండి' అన్న ఒక్క వాక్యం తెలుగులో, ఉర్దూలో ప్రతి పడక వద్ద రాసి ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన విషయాలు మరికొన్ని ఉన్నాయి. సూది తీసిన తరువాత రెండు వేళ్లతో, మధ్యలో ఎత్తి చూడకుండా, 10 నుంచి 15 నిమిషాలు నొక్కి ఉంచాలి. చర్మంపై రంధ్రం, లోపలి రక్తనాళంపై రంధ్రం కాస్త ఎడంగా ఉంటాయి కాబట్టే రెండు వేళ్లు అవసరం. మరీ బిగించి కట్టు కడితే ఫిస్ట్యులాలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. నొక్కుతున్నప్పుడు కూడా లోపలి కంపనం చేతికి తెలుస్తూ ఉండాలి. ప్రతిసారీ ఒకే చోట గుచ్చితే నాళం ఉబ్బి చర్మం పలచబడుతుంది. చోటు మార్చమని అడగడానికి వెనుకాడవద్దు. చర్మం నిగనిగలాడుతున్నా, పుండు పొక్కు మానకపోయినా, రక్తం ఆగడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం పడుతున్నా తరువాతి విడత వరకు ఆగకుండా వైద్యునికి చూపించాలి.

ఇంట్లో ఫిస్ట్యులా నుంచి రక్తం చిమ్మితే పసుపు, కాఫీ పొడి అద్దుతూ కాలం వృథా చేయకూడదు. తువ్వాళ్లమీద తువ్వాళ్లు చుడితే రక్తం కనబడకుండా పోతుందే గాని ఆగదు. రోగిని పడుకోబెట్టి, చేతిని పైకెత్తి, రక్తం వచ్చే చోటే వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకొని 108కు ఫోన్ చేయాలి. సహాయం అందేవరకు ఆ వేళ్లు తీయకూడదు.

సిబ్బందిని దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. అనేక యంత్రాలను ఒక్కరే చూసుకోవలసి వస్తే ఎంతటి నేర్పరి అయినా అన్ని చేతులనూ గమనించలేడు. అదే సూది గుచ్చుకొంటే హెపటైటిస్ వంటి వ్యాధుల ముప్పు అతనికీ ఉంది. అందుకే చాలినంత సిబ్బందిని నియమించాలన్న కోరికలో రోగి మేలూ, కార్మికుని మేలూ రెండూ ఇమిడి ఉన్నాయి.

మా కోరికలు స్పష్టమైనవి. ప్రతి డయాలిసిస్ కేంద్రంలో తెరలు ఉండాలి. సిబ్బంది క్రమం తప్పకుండా, కనీసం అరగంటకొకసారి, సూదులను, పట్టీలను పరిశీలించాలి. జరిగిన ప్రతి సూది ప్రమాదాన్నీ పుస్తకంలో నమోదు చేసి, రోగి కుటుంబానికి తెలియజేయాలి. రాతలో లేని ప్రమాదం జరగనట్టే లెక్క అవుతుంది, దాని నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు, మన యువజన కార్యకర్తలు తమ ప్రాంతంలోని కేంద్రాన్ని ఈ నెలలోనే సందర్శించి, ఈ మూడు ఉన్నాయో లేదో విచారించాలి. లేకపోతే ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు, జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా వినతిపత్రం ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. తెరలు వచ్చి, పరిశీలన సక్రమంగా జరిగితే మేలు పొందేది ఆ గదిలోని ప్రతి రోగీ, ఏ మతస్థుడైనా సరే.