నమూనా అను మాట

మా జంషెడ్‌పూరున తొలి ఉక్కు దిమ్మె వెలువడినది 1912లో. ఉక్కు పని చేయువారు కరిగిన లోహమునుండి కొంచెము తీసి పరీక్షింతురు. దానిని నమూనా అందురు. తీసినదియు కొలిమిలో మిగిలినదియు ఒకే ద్రవ్యము గనుక ఆ చిన్నముక్క సాక్ష్యము చెల్లును.

ఈ మాట హిందీలోను తెలుగులోను ఒకటే. అందుచేతనే మేము, అనువాదకులము, శాస్త్రవ్యాసములలో 'మోడల్' కనబడిన ప్రతిచోటను నమూనా అని వ్రాసి ముందుకు సాగుచున్నాము. నేనును వ్రాసితిని. అది తప్పని ఇప్పుడు వాదించుచున్నాను.

జన్యువు మార్చిన చిట్టెలుకను పుట్టించుటకు ఎక్కువగా నడిచిన త్రోవ ఇది: ఆడదానికి మందులిచ్చి, చంపి, పిండములను సేకరించి, వానిలో జన్యువును చొప్పించి, వేరొకదాని గర్భమున ఉంచుట. 1994లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున రాల్ఫ్ బ్రిన్‌స్టర్ బృందము ఒక మగ ఎలుక వృషణములలోని మూలకణములను మరియొకదాని వృషణములకు మార్చి, వానినుండి శుక్రకణములు పుట్టునని చూపినది. 2008లో ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో సుబీర్ మజుందార్ బృందము ఇంకను సులువైన ఉపాయము ప్రకటించినది. జన్యువును వృషణమునకే సూదితో ఎక్కించి విద్యుత్ స్పందన ఇచ్చినచో అది బీజకణములలో నిలుచును; ఆ మగదానిని ఆడదానితో జతచేసిన చాలును. మజుందార్ తరువాత హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థకు సంచాలకులైనారు.

పిండములకై తల్లిని చంపు పని తప్పినది. ఆ మేలును నేను కాదనను. కాని ఇది అహింసకు చేరువ అనువారితో నాకు పేచీ కలదు. పని సులువైనకొలది ఎలుకలు పెరుగును. జన్యువు అందక పుట్టిన పిల్లలు ఎవరి లెక్కకు వచ్చును? 1960 నాటి జంతుహింస నివారణ చట్టము, ఫలితము ఒకటే అయినచో పెద్ద జంతువులను విడిచి కుందేలు, కప్ప, ఎలుకవంటి చిన్నవానితో సరిపెట్టుకొనుమన్నది. ఎలుకకు చిన్నతనమే శాపమైనది.

పోనిండు, ఆ బలి దేనికి సాక్ష్యము? మార్గము ఏదైనను ప్రశ్న ఒకటే. 1992లో, వేరొక పద్ధతిన, సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగపు జన్యువును చెరిపి చిట్టెలుకలను పుట్టించినారు. మనుష్యులలో ఆ రోగము ముఖ్యముగా ఊపిరితిత్తులను తినివేయును. ఆ ఎలుకలకో ప్రేగులు మూసికొనిపోయినవి. ఊపిరితిత్తులలో మనుష్యుల రోగము రాలేదు. అవి వ్యర్థమని నేననను, ప్రేగులను గూర్చి నిజమే చెప్పినవి. నమూనాయే అయినచో ఊపిరితిత్తులను గూర్చియు చెప్పవలెను గదా! కొలిమినుండి తీసిన ముక్క బొగ్గుపాలు సరిగా చెప్పి గంధకము విషయమున అబద్ధమాడునా?

హిందీవారి 'ప్రతిరూప్' ఇంతకంటె పెద్ద అబద్ధము. ఇకమీద నా అనువాదములలో 'రోగపు నమూనా' ఉండదు. 'ప్రేగుల విషయమున ఈ రోగమును పోలిన ఎలుక' అని వ్రాయుదును. వాక్యము పొడుగైనదని సంపాదకులు కొట్టివేసినచో మరల వ్రాయుదును.